పంటను కోత నుంచి వెనక్కి చదవండి: నా కృషి సేవక్ ప్రిపరేషన్

మహారాష్ట్ర వ్యవసాయ శాఖలో ఊరి స్థాయి ఉద్యోగమైన కృషి సేవక్ ఎంపిక జాబితాలో నా పేరు వచ్చింది. మా బాపు రాజురా బస్టాండు దగ్గర తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ పేడాలు పంచుతున్నాడు, నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. అందరిదీ ఒకటే ప్రశ్న: ఏ పుస్తకం చదివావు, రోజుకు ఎన్ని గంటలు చదివావు? దీనికి జవాబు చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. సిలబస్ మీకు తెలుసు, పేపరు ఎలా ఉంటుందో తెలుసు. అందుకే మనవాళ్లు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునే ఒక్క అధ్యాయం గురించే రాస్తున్నాను. ప్రధాన పంటలు, వాటికి కావలసిన వాతావరణం, నేలలు.

ఈ అధ్యాయం అనగానే అందరి దగ్గరా ఒక పట్టిక ఉంటుంది. వరికి 20 నుంచి 35 డిగ్రీలు, 100 సెం.మీ.కు పైగా వాన, నీరు నిలిచే బంకమట్టి. పత్తికి 21 నుంచి 30 డిగ్రీలు, 50 నుంచి 100 సెం.మీ., నల్లరేగడి. ఇలాగే గోధుమ, చెరకు, తేయాకు, జనపనార. చదివిన రాత్రి అంతా వచ్చినట్టే ఉంటుంది. వారం తిరిగేసరికి చెరకు వాన జనపనారకు, జనపనార వేడి పత్తికి అంటుకుంటుంది. నాలుగు ఆప్షన్లూ దగ్గర దగ్గర అంకెలతో ఇస్తే ఇక చెప్పేదేముంది! గత నోటిఫికేషన్‌లో నన్ను కటాఫ్‌కు ఇవతల నిలబెట్టినవి ఇలాంటి ప్రశ్నలే. చదవక కాదు, నిద్రలో లేపి అడిగినా ఆ పట్టిక అప్పజెప్పేవాణ్ణి.

దారి మా చేన్లోనే దొరికింది. 1956కు ముందు రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. రాష్ట్రం మారింది గానీ నల్లరేగడి మారలేదు, పత్తీ మారలేదు. ఒక ఏడాది జూన్ నుంచి వాన లెక్క తప్పలేదు. చెట్టు నడుము దాటి పెరిగింది, కాయ నిండుగా పట్టింది. అక్టోబరు చివర, పత్తి ఏరడానికి కూలీలను మాట్లాడుకున్నాక ముసురు పట్టింది. విచ్చుకున్న కాయల్లో దూది తడిసి ముద్దయి పసుపు తిరిగింది. కింది కొమ్మల కాయలు సగం విచ్చి ఆగిపోయాయి. వేలితో విప్పి చూస్తే లోపల నల్లటి బూజు, కొన్నింట్లో గింజ మొలకెత్తింది కూడా. వ్యాపారి వచ్చి గుప్పెడు పత్తి పిడికిట్లో పిసికి వదిలాడు. అది మళ్లీ పొంగలేదు. అతను చెప్పిన ధరకు బాపు మారుమాట్లాడలేదు. మద్దతు ధర కేంద్రాల్లో తేమ 8 శాతం లోపు ఉంటేనే పూర్తి ధర, 12 దాటితే అసలు కొనరు. ఆ పత్తిని ఇంకెక్కడికి తోలుతాం?

ఆ రాత్రి పుస్తకంలో పత్తి ఎదురుగా ఉన్న వర్షపాతం అంకె చూస్తే కోపమొచ్చింది. మా చేన్లో కురిసిన వాన ఆ అంకెకు లోబడే ఉంది, పంట మాత్రం పాడైంది. పత్తికి వాన ఎంత కురిసిందన్నది సగం సంగతే, కాయ పగిలే రోజుల్లో ఆకాశం తేటగా ఉండాలన్నది మిగతా సగం. నల్లరేగడి ఎందుకన్నదీ అక్కడే తేలుతుంది. పైన వాన ఆగిపోవాలి, కింద వేరుకు తేమ అందుతూనే ఉండాలి. బసాల్ట్ రాయి నుంచి పుట్టిన ఈ మట్టిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఉంటుంది. తడిస్తే ఉబ్బి నీటిని పట్టుకుంటుంది, ఎండితే ముడుచుకుని బీటలు వారుతుంది. ఏప్రిల్‌లో మా చేనికి వస్తే బీటలో చెయ్యి పెట్టి చూడండి, మోచేతి దాకా దిగుతుంది.

అప్పటి నుంచి ప్రతి పంటనూ విత్తనం దగ్గర కాకుండా కోత దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదివాను. జొన్ననే తీసుకోండి. వానాకాలం జొన్న గింజ పాలుపోసుకుని ముదిరే వేళకు తడిస్తే బూజు పట్టి నల్లబడుతుంది. అదే సెప్టెంబరు, అక్టోబరులలో విత్తిన యాసంగి జొన్నకు ఆ బెడద లేదు. నేలలో దాగిన తేమ మీదే పెరిగి ముత్యాల్లాంటి గింజ ఇస్తుంది. షోలాపూర్ వైపు మాల్దండి రకం జొన్నకు అంత పేరు రావడానికి లోతైన నల్లరేగడి ఒక కారణం. గోధుమకు గింజ నిండే రోజుల్లో వేడి తగలకూడదు. 2022 మార్చిలో ఎండలు ముందే ముదిరి ఉత్తర భారతంలో గోధుమ దిగుబడి పడిపోయింది, మే నెలలో కేంద్రం ఎగుమతులు ఆపేసింది. చూశారా, వర్తమాన వ్యవహారాలు కూడా ఇందులోకే వచ్చిపడతాయి. చెరకు పెరగడానికి వేడి, తేమ కావాలి గానీ గడలో చక్కెర చేరాలంటే చివర్లో పొడి వాతావరణం, చల్లని రాత్రులు ఉండాలి. వేరుశనగకు ఊడలు నేలలోకి దిగాలి, కాయలు తెగకుండా పైకి రావాలి. కాబట్టి గుల్లగా ఉండే ఇసుక నేల. జనపనారను కోశాక నీళ్లలో నానబెట్టనిదే నార ఊడిరాదు. ఏటా వరద కొత్త ఒండ్రు తెచ్చిపోసే బెంగాల్‌లో అది స్థిరపడటానికి ఇదీ ఒక కారణం.

అన్ని పంటలూ ఈ పద్ధతికి లొంగవు. కాఫీకి కోత కంటే మార్చి, ఏప్రిల్‌లలో పూత విచ్చుకోవడానికి పడే జల్లులు ముఖ్యం. తేయాకులో కోసేదే ఆకు, దానికి చివరి నెల అంటూ లేదు. 150 సెం.మీ.కు మించి వాన కావాలి, కానీ వేరు దగ్గర నీరు నిలవకూడదు. అందుకే కొండవాలు, ఆమ్ల నేల.

వరి కోసం నేను పుస్తకం మూసి బల్లార్షాలో గోందియా ప్యాసింజరు ఎక్కాను. మూల్, సిందేవాహి, నాగ్‌భీడ్ వైపు వెళ్లేకొద్దీ పత్తి చేలు పలచబడి వరిమళ్లు మొదలవుతాయి. వాటి మధ్య మాల్‌గుజార్ల, అంటే శిస్తు వసూలు చేసే భూస్వాముల కాలంలో తవ్వించిన చెరువులు. తూర్పుకు పోయేకొద్దీ వాన పెరుగుతుంది, అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి పరిశోధనకు సిందేవాహిని ఎంచుకున్నదీ ఊరికే కాదు. వరి నేలను కొంత రైతే తయారు చేసుకుంటాడన్నది కూడా గుర్తుంచుకోండి. దమ్ము చేస్తే కింద గట్టి పొర ఏర్పడి నీరు ఇంకడం తగ్గుతుంది. ఇక చలి. పొట్ట దశలో రాత్రి వేడి 15 డిగ్రీల దగ్గరికి దిగితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పడతాయి.

మిగతా పేపరు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మరాఠీ వ్యాకరణం పాత ప్రశ్నపత్రాలతో గట్టెక్కింది. గణితం రోజూ కొంత చేశాను, అంతే.

కోచింగ్ మధ్యలో మానేసినప్పుడు వీడికి పొగరు అన్నవాళ్లున్నారు. పొగరు కాదు, అక్కడ చెప్పేది ఆ పట్టికే అయినప్పుడు నాగపూర్‌లో గది అద్దె దేనికని మానేశాను. కోచింగ్‌కు పోయేవాళ్లను తక్కువ చేయడం లేదు. కానీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క మాట అడుగుతాను. నోటిఫికేషన్ పడ్డాక పుస్తకం దుమ్ము దులిపి, పరీక్ష వాయిదా పడాలని మొక్కుకునేవాళ్లు మనలో ఎంతమంది? బాపు వాన కోసం ఎదురుచూస్తూ కూడా మే నెలలోనే దుక్కి దున్ని పెడతాడు. మనకేమో కొత్త పెన్ను, కొత్త టైంటేబుల్, వాట్సాప్‌లో ఇంకో గ్రూపు.

నోట్సు ఫొటోలు పంపమని మాత్రం అడగకండి. సగం మరాఠీ, సగం తెలుగు, మధ్యలో బాపు రాసుకున్న కూలీల లెక్కలు. మీ ఊరి పంటతో మీరే మొదలుపెట్టండి. అది పత్తి అయితే సందేహాలు నన్ను అడగండి, చెబుతాను. గణితం సందేహాలకు మాత్రం ఇంకొకరిని చూసుకోండి.