తినే ఫ్లేవరేగా అంటే...
వేప్, అంటే ఈ-సిగరెట్ తాగేవాళ్లందరిదీ ఒకటే మాట, అందులో ఉండేవి చాక్లెట్లలో, కేకుల్లో వేసే ఫ్లేవర్లే కదా అని. డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకూ అదే అన్నాడు, మామిడిపండు వాసన గదంతా గుప్పుమంటుంటే. ఒరేయ్, తినడానికి పనికొస్తుందని చెప్పింది కడుపు సంగతి, ఊపిరితిత్తులది కాదు అన్నాను.

వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ సంగతే చూడండి, తింటే ఏమీ కాదు, కానీ 2000లో అమెరికాలోని మిస్సోరిలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో దాని ఆవిరి పీల్చిన కార్మికులకి ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయాయి, అవి మళ్లీ మామూలు స్థితికి రావు. 2015లో హార్వర్డ్ వాళ్లు 51 రకాల ఈ-సిగరెట్ ఫ్లేవర్లు పరీక్షిస్తే 39లో ఇదే దొరికింది. మామూలు సిగరెట్ పొగలోనూ ఉంటుందిలెండి, అదేం సర్టిఫికెట్టా?

దాల్చినచెక్క ఫ్లేవర్ ఇంకో తంటా. అందులోని సినమాల్డిహైడ్, శ్వాసనాళంలో దుమ్మునీ కఫాన్నీ పైకి నెట్టే సన్నటి నూగు కదలికని నెమ్మదింపజేస్తుందని ల్యాబ్‌లో తేలింది.

మన దేశంలో 2019లోనే ఈ-సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించారు. దొంగచాటుగా వచ్చే సరుకు మీద ఏ కెమికల్ ఎంత ఉందో ఎవడు రాస్తాడు, పైన పండు బొమ్మ తప్ప!