ఆఫ్రికాన్స్ ఇంటిపేర్లలో ఫ్రెంచి మూలాలు: నా షీట్ ఎంతవరకు వచ్చిందంటే

ఆఫ్రికాన్స్ అంటే దక్షిణాఫ్రికాలో డచ్ నుంచి పుట్టిన భాష. అది మాట్లాడేవాళ్ళ ఇంటిపేర్లలో ఫ్రెంచివి ఏవో చూద్దామని క్రికెట్ స్కోరుకార్డుల్లోంచి ఏరుకున్న పేర్లతో మొదలుపెట్టిన షీట్ ఇప్పటికి ఓ దారికొచ్చింది. డుప్లెసిస్, డివిలియర్స్, క్రోన్యే, రోసో, ఆస్ట్రేలియాకి ఆడే లబుషేన్, వీళ్ళ ఇంటిపేర్లన్నీ ఫ్రెంచివే. తర్వాత 1995 రగ్బీ ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ పీనార్‌ని, నటి చార్లిజ్ థెరాన్‌ని, 1948లో అక్కడ ప్రధాని అయిన డి.ఎఫ్. మలాన్‌ని కూడా చేర్చాను.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1685లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ, ప్రొటెస్టంట్లకి మతస్వేచ్ఛ ఇచ్చిన నాంట్ శాసనాన్ని రద్దు చేయడంతో ఫ్రాన్స్‌లో ప్రొటెస్టంట్లకి, అంటే హ్యూగెనోలకి, నిలువ నీడ లేకుండా పోయింది. హాలండ్‌కి పారిపోయినవాళ్ళలో కొందరిని డచ్ ఈస్టిండియా కంపెనీ తన ఓడల్లో కేప్‌కి, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో అప్పుడున్న తన వలసకి, పంపింది. ఫోర్‌స్ఖోటెన్ అనే ఓడ 1687 డిసెంబర్ 31న బయలుదేరింది, మిగతా ఓడలు చాలావరకు ఆ తర్వాతి రెండేళ్ళలో వచ్చాయి. మొత్తం కలిపినా దాదాపు రెండు వందల మందే. అక్కడి పాలకుడు సైమన్ వాన్ డెర్ స్టెల్ వీళ్ళకి డ్రాకెన్‌స్టైన్, ఫ్రాన్స్‌హూక్ వైపు భూములిచ్చాడు గానీ డచ్ రైతుల మధ్య కలిపేసి ఇచ్చాడు, పైగా 1701లో బడిలో డచ్ మాత్రమే నేర్పాలని కంపెనీ ఆదేశం వచ్చింది. రెండు తరాలకి ఫ్రెంచి మాట పోయింది. ఇంటిపేర్లు మిగిలాయి, అవి కూడా డచ్ గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసుకున్న రూపంలో.

అందుకే నా షీట్‌లో మొదటి కాలమ్ ఇప్పటి స్పెల్లింగ్, రెండోది పాత స్పెల్లింగ్. ఆ తర్వాత మూలపురుషుడు, ఆయన ఊరు, ఓడ, వచ్చిన ఏడాది, పలికే తీరు, తెలుగులో రాత. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాయని రెండు చోట్ల దొరికితేనే ఆ గడికి ఆకుపచ్చ రంగు, లేకపోతే పసుపు. ఓడ కాలమ్‌లో సగం పసుపే ఉంది, ఉండనీ.

పేరు వాలకం చూసి ఏదీ తేల్చకూడదని ఈ పనిలో బాగా అర్థమైంది. పీనార్ వినడానికి అచ్చం డచ్, కానీ మొదట పినార్. రోసో అంటే రూసో, మినార్ అంటే మెనార్, సెనెకల్ అంటే సెనెషల్. మాజీ అధ్యక్షుడు ఎఫ్.డబ్ల్యూ. డి క్లెర్క్ పేరుకి మించిన డచ్ పేరు ఉంటుందా అనిపిస్తుంది, దాని వెనక ఉన్నది లె క్లెర్క్. ఇక ఫ్రెంచి పేరున్న ప్రతివాడూ హ్యూగెనో కాదు. ఫిల్‌యూన్‌ల మూలపురుషుడు ఫ్రాన్స్వా వియోన్ బండ్లు చేసే పనివాడు, నాంట్ శాసనం రద్దు కాకముందే, 1671 ప్రాంతంలోనే కేప్‌లో ఉన్నాడు. డుమిని అనే పేరు 18వ శతాబ్దంలో లోరియాన్ నుంచి వచ్చిన ఓ ఓడ కెప్టెన్‌ది. పైగా ఇవి తెల్లవాళ్ళ పేర్లు మాత్రమే అనుకోవడం కూడా తప్పే, కేప్‌లోని కలర్డ్ (అక్కడ మిశ్రమ వంశాల వాళ్ళని అనే మాట) కుటుంబాల్లోనూ ఈ ఇంటిపేర్లు ఎన్నో ఉన్నాయి.

వెతకడం గురించి. వంశవృక్షాల వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్ ఉచితం, అందులో పేరు మధ్య అచ్చుల బదులు నక్షత్రం గుర్తు (*) పెట్టి వెతికితే పాత స్పెల్లింగులు చాలా ఒకేసారి పడతాయి. కేప్ ఆర్కైవ్స్ సూచికలో ఎంఓఓసీ (మాస్టర్ ఆఫ్ ది ఆర్ఫన్ చాంబర్, చనిపోయినవాళ్ళ ఆస్తి వ్యవహారాలు చూసిన కార్యాలయం) కోడ్ ఉన్న ఫైళ్ళు చూడండి, వాటిలోని మరణ నోటీసుల్లో తరచు తల్లిదండ్రుల పేర్లు, పిల్లల పేర్లు కూడా ఉంటాయి. ఇసుమంత కూడా తలనొప్పి ఉండదనుకోకండి: మన దగ్గర తాత పేరు మనవడికి పెట్టినట్టే వాళ్ళూ పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టేవాళ్ళు, అందుకని ఒకే ఊళ్ళో ఒకే కాలంలో నలుగురు పీటర్ డివిలియర్స్‌లు తగులుతారు. ఈ గొడవ తప్పించడానికి డి విలియర్స్–పామా పద్ధతిలో నంబర్లు వేస్తారు: మూలపురుషుడు ఎ, పిల్లలు బి, మనవలు సి. బి3 సి2 అంటే మూడో సంతానానికి పుట్టిన రెండో బిడ్డ. నేను ఇప్పుడు పేర్లకన్నా ఈ నంబర్లనే ఎక్కువ నమ్ముతున్నా.

ఈమధ్య చేర్చిన కాలమ్ ‘అమ్మవైపు’. దానికి కారణం స్నేమన్ అనే ఇంటిపేరు. అది ఫ్రెంచి కాదు, అసలు నా షీట్‌లోకే రాకూడదు. కానీ ఆ వంశానికి మూలపురుషుడైన క్రిస్టోఫెల్ స్నేమన్ పెళ్ళాడింది హ్యూగెనో జాక్ ద సావా కూతురు మార్గరీత్ తెరేజ్‌ని, కాబట్టి ఈ వంశం వాళ్ళందరిలో ఫ్రెంచి అంశ ఉంది. ఇక క్రిస్టోఫెల్ తల్లి ‘పలియకట్టె కత్రైన్’. ఆ పలియకట్టె ఎక్కడో కాదు, పులికాట్! మన సూళ్ళూరుపేట పక్కనున్న సరస్సుకి దక్షిణపు కొసన ఉన్న ఊరు, ఇప్పుడు తమిళనాడులో ఉంది, అప్పట్లో డచ్చివాళ్ళ కోట ఉండేది. ఆమెకి బటేవియాలో (ఇప్పటి జకార్తా) శిక్ష వేసి 1657లో బానిసగా కేప్‌కి పంపారు. ఇంటిపేరు తండ్రి వైపే నడుస్తుంది గనక ఇంత కథ షీట్‌లోని మొదటి ఎనిమిది కాలమ్‌లలో ఎక్కడా కనబడదు, అది నాకు నచ్చలేదు.

పలికే తీరు కాలమ్ సగమే అయింది. డు టోయిట్‌ని ‘డూ టొయ్’ అంటారు, డుప్లెసిస్‌లో చివరి స్ పలకరు. లబుషేన్‌ని ఆఫ్రికాన్స్‌లో ‘లాబుస్ఖాఖ్నీ’ లాగా అంటారు, తెలుగులో ఎలా రాసినా తృప్తి లేదు. ప్రస్తుతానికి మన పేపర్లలో వచ్చే రూపం ఒక గడిలో, అక్కడివాళ్ళు పలికేది పక్క గడిలో పెడుతున్నా.

తర్వాత క్రోన్యేలు. నార్మండీ నుంచి వచ్చిన క్రోనియే అన్నదమ్ములు పియేర్, ఎతియెన్‌ల దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. జూబేర్‌ల మూలపురుషుడు ప్రొవాన్స్‌లోని లా మోత్ నుంచి వచ్చాడు, ఆ వరస ఆకుపచ్చ అయ్యాక మలాన్‌లు. మీ దగ్గర ఆఫ్రికాన్స్ వచ్చినవాళ్ళెవరైనా ఉంటే ‘టెర్‌బ్లాంష్’ ఎలా పలుకుతారో అడిగి చెప్పండి.