రెండు సంతకాలు: ఒకటి పది నిమిషాలు, ఒకటి నాలుగు నెలలు

నిన్న రాత్రి ఒంగోల్లో రికార్డింగ్ అయిపోయింది. క్రిస్మస్ పాటలు ఎనిమిది. ఎనిమిదీ స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) కాగితం చూసే వాయించాను. పద్యనాటకాలకు హార్మోనియం పట్టినవాళ్లు కీబోర్డుకు మారితే ఎక్కడ అడ్డం పడుతుందో ఇంకా మనసులో పచ్చిగా ఉండగానే రాస్తున్నా.

రెండు సంతకాలన్నది ఒకటి అగ్రిమెంటు మీది ఈ-సంతకం, రెండోది స్వరాల కాగితం మీది కీ సిగ్నేచర్. ముందు సులువైనది. స్టూడియోతో అగ్రిమెంటు ఫోనుకే లింకుగా వచ్చింది. ఆధార్ నంబరు కొట్టి, ఆధార్‌కు జత చేసిన ఫోనుకొచ్చిన ఓటీపీ కొడితే సంతకం పడిపోయింది. పాత నంబరు జతై ఉంటే ఓటీపీ రాదు, ముందే మార్పించుకోండి. ఆ సంతకానికి వాడే సర్టిఫికెట్‌కు గడువు 30 నిమిషాలే. తర్వాత తీరిందని కంగారు పడొద్దు, సంతకం పడిన క్షణానికి గడువులో ఉంటే చాలు. పీడీఎఫ్ తెరిస్తే పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. సంతకం తప్పని కాదు, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లెవరో మన కంప్యూటరుకు తెలియదని. అడోబీ రీడర్లో సంతకం మీద రైట్ క్లిక్ చేసి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో షో సైనర్స్ సర్టిఫికెట్ నొక్కి, వరసలో అన్నిటికంటే పైనున్న సీసీఏ ఇండియా (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలపై ఉండే ప్రభుత్వ కార్యాలయం) పేరు ఎంచుకుని, ట్రస్ట్ ట్యాబ్‌లో యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్ ఇవ్వాలి. మళ్లీ వ్యాలిడేట్ చేస్తే ఆకుపచ్చ టిక్కు వస్తుంది.

మా వీధిలో ఒక నెట్ సెంటరు ఉంది. అక్కడ ఆ ఫైలును ప్రింటు తీసి, స్కాన్ చేసి స్టూడియోకు పంపారు. ఈ పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. ఈ-సంతకం ఉండేది ఫైల్లో, కాగితం మీద పడేది దాని బొమ్మ. పేజీలు కలిపినా, సైజు తగ్గించినా కూడా సంతకం చెడుతుంది. వచ్చిన ఫైలు వచ్చినట్టే పంపాలి.

ఇక అసలు కష్టం కీ సిగ్నేచర్‌తో. ప్రతి వరస మొదట్లో క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) పక్కన షార్ప్ గుర్తులో (స్వరాన్ని అర మెట్టు పెంచేవి), ఫ్లాట్ గుర్తులో (అర మెట్టు తగ్గించేవి) గుచ్చినట్టు ఉంటాయే, అది. మొదటి రిహార్సల్‌లో మూడు ఫ్లాట్ల కాగితం ఇచ్చారు. ఎ నుంచి జి దాకా అక్షరాలు తెల్ల మెట్ల పేర్లు. బి ఫ్లాట్ నడిమి గీత మీద, ఇ ఫ్లాట్ పై గదిలో, ఎ ఫ్లాట్ కింది నుంచి రెండో గదిలో ఉన్నాయి. ఆ చోట్లలో పడ్డ స్వరాలకే ఫ్లాట్ అనుకున్నాను. పై ఇ నల్ల మెట్టు మీద సరిగ్గానే పలికింది. కింది గీత మీది ఇ వచ్చేసరికి తెల్ల మెట్టు నొక్కాను. పాట ఇ ఫ్లాట్‌లో ఉంది, అంటే నేను తప్పింది ఆధార షడ్జమాన్నే (స), అర మెట్టు పైకి. ఇరవై మంది గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. "అన్నా, శ్రుతి పోయిందేంది?" అన్నాడు ప్యాడ్ వాయించే కుర్రాడు. శ్రుతి పట్టించడమే నా వృత్తి. ఆ మాటకు రెండు రోజులు అన్నం సయించలేదు.

నియమం ఇది: మొదట్లో పెట్టిన గుర్తు ఆ పేరున్న స్వరాలన్నిటికీ, అన్ని స్థాయిల్లో, రెండు చేతులకూ వర్తిస్తుంది. మధ్యలో స్వరం పక్కన వచ్చే గుర్తు మాత్రం ఆ బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) ముగిసే గీత దాకానే.

నేర్పుతానన్న ఒకాయన పదిహేను సిగ్నేచర్ల పట్టీ చేతికిచ్చి బట్టీ పట్టమన్నాడు. రాకపోతే ట్రాన్స్‌పోజ్ బటన్ (కీబోర్డు శ్రుతిని జరిపేది) నొక్కుకోమన్నాడు. సంగీతం నేర్పే పద్ధతి అది కాదు. దాన్ని ప్లస్ మూడు (మూడు అర మెట్లు పైకి) మీద మరిచిపోయి మూడు ఫ్లాట్ల కాగితం చదివితే రెండున్నర శ్రుతి (ఇ ఫ్లాట్) పాట నాలుగున్నరలో (ఎఫ్ షార్ప్) పలుకుతుంది.

నాకు దారి చూపింది శంకరాభరణం రాగం. హార్మోనియం లెక్కలో సి ఒకటి శ్రుతి, డి రెండు, మధ్య నల్ల మెట్టు ఒకటిన్నర, అట్లా పైకి. ఒకటి శ్రుతిలో అంతా తెల్ల మెట్లే, సి మేజర్ (మేజర్ అంటే శంకరాభరణం స్వరాలే). పంచమాన్ని (ప) షడ్జమం చేసుకుంటే ఐదు శ్రుతి, అంటే జి. అక్కడ నిషాదం (ని) ఒక్కటే నల్ల మెట్టు మీదకు పోతుంది: ఎఫ్ షార్ప్. మళ్లీ పంచమానికి జరిగితే రెండు శ్రుతి, కొత్త నిషాదం సి షార్ప్. అట్లా ఎఫ్, సి, జి, డి, ఎ, ఇ, బి వరసలో చేరుతూ పోతాయి. చివరి షార్ప్ ఎప్పుడూ నిషాదమే. దాని పై అర మెట్టే షడ్జమం.

ఫ్లాట్లు మధ్యమం (మ) వైపు నడుస్తాయి. నాలుగు శ్రుతిలో, అంటే ఎఫ్‌లో, మధ్యమం బి ఫ్లాట్. ఆ మధ్యమం షడ్జమమైతే ఆరున్నర, అక్కడి మధ్యమం ఇ ఫ్లాట్. చేరే ప్రతి ఫ్లాటూ కొత్త శ్రుతికి మధ్యమం, దాని ముందు చేరిందేమో షడ్జమం. చివరి నుంచి రెండో ఫ్లాట్ పేరే కీ పేరని పుస్తకాల్లో ఉండేది ఇందుకే. ఒక్క ఫ్లాటే ఉంటే ఎఫ్.

రెండున్నర మెట్టుకు డి షార్ప్, ఇ ఫ్లాట్ అని రెండు పేర్లెందుకో చాలా రోజులు తెగలేదు. మన మేళకర్త రాగాల పద్ధతిలో సాధారణ గాంధారం, షట్‌శ్రుతి రిషభం ఒకే మెట్టు మీద లేవూ? ఏడు స్వరాలూ ఒక్కొక్కటి ఉండాలి కాబట్టి మెట్టు ఒకటైనా పేరు మారుతుంది. ఇక్కడా అంతే, ఏడు అక్షరాలూ తలా ఒక్కసారి రావాలి. ఇ ఫ్లాట్ అని రాస్తే మూడు ఫ్లాట్లతో సరిపోతుంది. డి షార్ప్ అని మొదలుపెడితే ఎఫ్‌కూ సి‌కీ డబుల్ షార్ప్ (రెండు అర మెట్లు పైకి) పడి మొత్తం తొమ్మిది షార్ప్‌లవుతాయి.

మైనర్‌దీ అదే సిగ్నేచర్. శంకరాభరణం ధైవతాన్ని (ద) షడ్జమం చేసుకుని అవే మెట్లు వాయిస్తే, అంటే గ్రహభేదం చేస్తే, నఠభైరవి రాగం, అదే నేచురల్ మైనర్. ఏదో తేల్చుకోవాలంటే చివరి బార్‌లో ఎడమ చేతి స్వరం చూడండి. గుర్తులేవీ లేని కాగితంలో జి పక్కన మాటిమాటికీ షార్ప్ పడుతుంటే అది కీరవాణి రాగపు నిషాదం, పాట ఎ మైనర్.

నిన్నటి ఏడో పాటకు నాలుగు ఫ్లాట్లు: బి, ఇ, ఎ, డి. చివరి నుంచి రెండోది ఎ ఫ్లాట్. కాగితం స్టాండు మీద పెట్టగానే ఎడమ చేయి తనంతట తానే ఐదున్నర మీదకు పోయి ఆగింది.