పాత బండి ఎర్తింగ్: ఓమ్స్ కాదు, ఓల్టులు చూడండి

ఇండికేటర్ వేస్తే దాంతోపాటు హెడ్‌లైటు కూడా కొట్టుకుంటోందా? బ్రేకు తొక్కితే టెయిల్ లైటు పెరగాల్సింది పోయి తగ్గుతోందా? హ్యాండిల్ ఒక పక్కకి తిప్పితే ఆరిపోయి, రెండో పక్కకి తిప్పితే వెలుగుతోందా? ఇలాంటివి రెండు మూడు కలిసి కనిపిస్తే బల్బులు, ఫ్లాషరు, బ్యాటరీ వరసగా మార్చుకుంటూ పోకండి. ముందు ఎర్తు చూడండి. ఎర్తంటే కరెంటు ఫ్రేము గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి. అది సరిగా లేక, కరెంటు పక్క ఫిలమెంట్ల గుండా దొంగదారిన వస్తోందన్నమాట.

చాలామంది మల్టీమీటరును ఓమ్స్‌లో, అంటే అడ్డు కొలిచే రేంజిలో పెట్టి, సున్నా చూపించగానే ఎర్తు బాగుందనుకుంటారు. మోసపోయేది అక్కడే. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు పంపే చిటికెడు కరెంటుకి అది చాలు. సెల్ఫ్ మోటారు లాక్కునే కరెంటుకి చాలదు. 0.01 ఓమ్ అడ్డున్నా 100 ఆంపియర్ల దగ్గర 1 ఓల్టు అక్కడే పోతుంది. అంత చిన్న అడ్డును మామూలు మీటరు పట్టలేదు.

అందుకే లోడు మీద చూడాలి. మీటరు డీసీ 20 ఓల్టుల రేంజిలో పెట్టండి. నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ సీసానికే ఆనించండి, దానికి బిగించిన లగ్గుకి (కేబుల్ కొసనున్న బిళ్లకి) కాదు. ఆ రెండింటి మధ్యే చిలుము ఉండొచ్చు. ఎర్ర ప్రోబు ఇంజిన్ కేసు మీద పెయింటు లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టండి. 0.2 ఓల్టుల లోపుంటే బాగున్నట్టే. 0.5 దాటితే ఎర్తు కేబులో, దాని బోల్టో పోయింది. తర్వాత హెడ్‌లైటు వేసి, ఎర్ర ప్రోబు బల్బు హోల్డరు ఎర్తు పిన్నుకి పెట్టండి. ఇక్కడ 0.1కి దగ్గరగా ఉండాలి. ఎక్కువుంటే ప్రోబుని ఒక్కో జాయింటూ వెనక్కి తెస్తూ రండి. రీడింగు ఏ రెండు చోట్ల మధ్య ఒక్కసారిగా పడిపోతుందో, తప్పు ఆ రెండింటి మధ్యే ఉంది. పాత బ్రిటిష్ బండ్లలో చాలావాటికి పాజిటివే ఎర్తు. వాటికి నల్ల ప్రోబు పాజిటివ్ టెర్మినల్ మీద పెట్టాలి, రీడింగు మైనస్‌లో వస్తుంది.

హ్యాండిల్ తిప్పితే లైటు మారుతోందంటే దాని ఎర్తు స్టీరింగ్ బేరింగుల గుండా వెళ్తున్నట్టు. గ్రీజులో తిరిగే గోళీల మీద కరెంటు నడపడం మొదటినుంచీ తప్పే. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి హెడ్‌లైటు నుంచి నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి (పాజిటివ్ ఎర్తు బండ్లలో పాజిటివ్‌కి) వేయండి. హ్యాండిల్ రెండు పక్కలా చివరిదాకా తిరిగినా బిగుసుకోనంత వదులు ఉంచాలి. ఓల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది కాబట్టి ఈ పనికి ఫలితం కంటికే కనిపిస్తుంది.

కొత్తగా పెయింటు, పౌడర్ కోటింగ్ వేయించిన బండ్లలో ఈ గొడవ మరీ ఎక్కువ. ఇంజిన్ దించి ఎక్కించాక దాన్ని ఫ్రేముకి కలిపే ఎర్తు స్ట్రాపు బిగించడం మరిచిపోతే సెల్ఫ్ కరెంటు క్లచ్ కేబుల్ గుండా తిరిగొస్తుంది. కేబుల్ కాలి పొగ వస్తుంది. తన బాడీనే ఎర్తుగా వాడుకునే చార్జింగ్ రెగ్యులేటర్ కింద పెయింటు ఉంటే అది ఓల్టేజిని తక్కువగా చూసి, బ్యాటరీని 15 ఓల్టులు దాటించి ఉడికించేస్తుంది.

బాగుచేసేటప్పుడు ముందు బ్యాటరీ ఎర్తు కేబుల్ విప్పండి. లగ్గు వెనక రెండంగుళాల ఇన్సులేషన్ చీల్చి చూడండి. రాగి ఎర్రగా మెరవకుండా నల్లగా, పచ్చగా, గోటితో గీకితే పొడి రాలేలా ఉంటే టంకం కూడా పట్టదు. మెరిసే రాగి తగిలేదాకా కత్తిరించి కొత్త లగ్గు క్రింప్ చేయండి. ఫ్రేము మీద లగ్గు కూర్చునేంత మేర ఎమరీ పేపరుతో తెల్ల లోహం కనబడేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించండి. వాసెలిన్ బిగించాకే, పైన మాత్రమే పూయాలి. ఆ తర్వాత అదే లోడు మీద మళ్లీ కొలవండి. రీడింగు దిగకపోతే ఇంకో జాయింటు మిగిలి ఉన్నట్టు.