రెండు వేళ్ళా, ఒక వేలా

పదకొండు దాటింది. రేపు మార్నింగ్ డ్యూటీ. పడుకుందామంటే స్టెప్నీ పడుకోనివ్వట్లేదు.

మన ముసల్దాని స్టెప్నీయే, అదే మా పాత ల్యాండ్ రోవర్‌ది. వెనక తలుపుకి వేలాడీ వేలాడీ ఆ తలుపునే కిందికి లాగేసిందని, మూసినప్పుడల్లా మోకాలితో ఎత్తి తొయ్యాల్సి వస్తోందని ఇదివరకే ఏడ్చాను కదా. మొత్తానికి శనివారం మా స్వాన్సీ దగ్గరున్న లనెల్లి ఊరి దాకా పోయి, దాన్ని బానెట్ మీదకి ఎక్కించుకొచ్చాను. గరాజీ పేరు రాయను, మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోవాలి.

ఇవాళ పొద్దున్న కాఫీ గ్లాసుతో పై గది కిటికీలోంచి కిందికి చూస్తే, టైరు ఎడమకి ఉంది.

"పైనుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది" అన్నారు ఈయన, ఫోన్లోంచి తలెత్తకుండా. చిన్నాడి స్కూలు స్కేలు పట్టుకుని కిందికి దిగాను. బానెట్ అంచుకీ టైరుకీ మధ్య కుడివైపున్న ఖాళీ కంటే ఎడమవైపుది రెండు వేళ్ళు తక్కువ. పైకొచ్చి చెప్పాను. "రెండు వేళ్ళు తేడా అంటే పక్కకి జరిగింది ఒక వేలేగా" అన్నారు. లెక్క కరెక్టే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

జాకెట్టు గుడ్డైతే కుట్టు విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. రేకుకి బెజ్జాలు పెట్టాక ఏం చేస్తాం? ఇప్పుడు మధ్యకి జరపాలంటే మళ్ళీ కొత్త బెజ్జాలు, పాతవాటికి అతుకులు.

సరే, వంకర పోనీ అనుకుని, ఈయన చేత బానెట్ ఎత్తించి టార్చి వేసి అడుగున చూశాను. చూడకపోయినా బాగుండేది. ఇనప పట్టీ నేరుగా అల్యూమినియం రేకుని కరుచుకుని ఉంది. మధ్యలో రబ్బరు ముక్క లేదు. రెండుసార్లు అడిగాను వాణ్ణి, రబ్బరు వేస్తావు కదా అని. రెండుసార్లూ తలూపాడు.

యుద్ధం అయ్యాక స్టీలు దొరక్క ఈ ల్యాండ్ రోవర్లకి అల్యూమినియం ఒళ్ళు పెట్టారు. 1947లో ఇక్కడే వేల్స్‌లో, ఆంగ్లసీ దీవి ఒడ్డున ఇసుకలో దీని మొదటి బొమ్మ గీసుకున్నారంటారు. 1948 ఏప్రిల్ చివర ఆమ్‌స్టర్‌డామ్‌లో జనానికి చూపించారు. ఇనుములా ఎర్రతుప్పు పట్టే రకం కాదు గానీ, తడిలో ఇనుముతో రాసుకుంటూ కూర్చుంటే తెల్లగా పొక్కి పిండిలా రాలిపోతుంది. మా స్వాన్సీలో వానకి వానా ఉంది, ఉప్పుగాలికి ఉప్పుగాలీ ఉంది. నాలుగు రబ్బరు వాషర్ల పని. మా వినుకొండలో పంక్చర్ల షాపు కుర్రాడైనా పాత ట్యూబు కత్తిరించి వేసుండేవాడు.

వినుకొండ అంటే గుర్తొచ్చింది. శనివారం ఆ గరాజీలో అలవాటుకొద్దీ "స్టెప్నీ" అన్నాను. కుర్రాడు తెల్లమొహం వేశాడు. ఎక్కడ? లనెల్లిలో! ఆ మాట పుట్టిందే ఆ ఊళ్ళో. 1904లో థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన కనిపెట్టాడు. అప్పటి కార్లకి అదనపు చక్రం ఉండేది కాదు, పంక్చరైతే రోడ్డు పక్కన చతికిలబడి అతుకు వేసుకోవడమే. డేవిస్ ఊచల్లేని చట్రానికి టైరు తొడిగి, గాలి పోయిన చక్రానికే పక్కన బిగించేలా చేశాడు. పని నడిచింది స్టెప్నీ స్ట్రీట్‌లో, పేరూ అదే అయింది. వీధి ఇంకా ఉంది, దాంట్లో నేను చెప్పులు కూడా కొన్నాను. మాట మాత్రం ఊరొదిలేసి మన లారీ షెడ్లలో స్థిరపడింది. నేనా మాటని పుట్టింటికి తీసుకొస్తే ఎవరూ గుర్తుపట్టలేదు. (ఆ ఊరి పేరు పలకడం నాకిప్పటికీ రాదు. నాలుక పక్కల నుంచి గాలి వదలాలట.)

నాన్నకి చెప్తే తెగ సంబరపడేవాడు గానీ ఇవాళ ఫోన్లో చెప్పే సందే రాలేదు. ఆ సంగతికి వస్తున్నా.

నాన్న సాగర్ కుడికాలువ మీద ఇరిగేషన్ జీపు నడిపిన రోజుల్లో, ఒకసారి సార్లెవరూ లేరని నన్ను ఎక్కించుకుని అమ్మమ్మ గారి ఊరు బయల్దేరాడు. రెండో క్లాసో మూడో క్లాసో. కాలువ కట్ట మీద చీకటి పడ్డాక పంక్చరయింది. నాన్న నవ్వుతూనే దిగాడు. జాకీ ఎత్తి, చక్రం విప్పి, స్టెప్నీ బిగించి, జాకీ దించాడు. దించుతుంటే ఆ స్టెప్నీ కూడా మెల్లగా నేలకి పరుచుకుపోయింది. అందులోనూ గాలి లేదు. ఎప్పుడు పోయిందో ఎవడికి తెలుసు, అది వెనక ఎక్కడో పడి ఉండేది.

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కట్ట దిగి, ఎవరిదో వరివామి ఉంటే చంకల నిండా గడ్డి పట్టుకొచ్చాడు. టైరు పట్టీలతో అంచు లేపి, ట్యూబు బయటికి లాగి, లోపలికి గడ్డి కుక్కడం మొదలెట్టాడు. కాలితో తొక్కి, జాకీ రాడ్డుతో పొడిచి, మళ్ళీ కుక్కి. "టార్చి నా మొహం మీద కాదే, టైరు మీద." నా చెయ్యి నెప్పి. దోమలు. ఆ గడ్డి టైరుతో నడక వేగంలో పోయాం. ఊరు చేరేసరికి గడ్డి మాడిన వాసన, టైరు పక్కనించి సన్నగా పొగ. అమ్మమ్మ ఏదో తగలబడిందని బిందెతో పరిగెత్తుకొచ్చింది. మర్నాడు నాన్న ఆ వామి ఎవరిదో వాకబు చేసుకుంటూ వెళ్ళాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే, పళ్ళు తోముకుంటూ, స్టెప్నీని బొటనవేలితో నొక్కి చూసేవాడు. స్టెప్నీ కళ్ళెదురుగా ఉండాలి అని వంద సార్లు అనుంటాడు. బానెట్ మీద పెట్టించడానికి తలుపు జారడం ఒక సాకు, అసలు కారణం ఈ మాటే. అందుకే సాయంత్రం వీడియో కాల్‌లో ఎంత గర్వంగా చూపించానో.

"పక్కకుంది" అన్నాడు. ఒక్క సెకను పట్టలేదు! స్కేలు లేదు, లెక్క లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయన్ని పిలిచి మరీ వినిపించాను.

ఆ ఆనందం అర నిమిషం.

"తీయించెయ్యమ్మా దాన్ని."

"నువ్వే కదా నాన్నా కళ్ళెదురుగా ఉండాలన్నావు?"

"కళ్ళెదురుగా అన్నాను, కళ్ళకి అడ్డంగా అన్నానా?"

నేనొక పావుగంట వాదించాను. ఇంగ్లండులో సైన్యం బళ్ళకి కూడా అక్కడే ఉండేదన్నాను. "వాళ్ళు ఆరడుగులుంటారు" అన్నాడు. విసురుగా పెట్టేశాను. ఇది రాయడానికి కూర్చున్నది కూడా నాన్న మీద కోపంతోనే.

కానీ ఇందాకటి నుంచీ నిన్నటి గొర్రె గుర్తొస్తోంది. మా ఊరి పక్కన గోవర్ వైపు రోడ్ల మీద గొర్రెలూ గుర్రాలూ వాటి ఇష్టం కదా. ఒక గొర్రె ఎడమ గట్టు దిగి బండి ముందుకొచ్చి, టైరు వెనకాల మాయమైపోయింది. బ్రేకు మీద కాలు పెట్టి, అది ఇటువైపు తేలుతుందా అటువైపు తేలుతుందా అని చూస్తూ కూర్చున్నాను. కుషన్ వేసుకుని కూర్చున్నా అంతే. గొర్రె కాబట్టి తీరిగ్గా వచ్చింది. నాన్నకి ఈ గొర్రె సంగతి చెప్పలేదు.

తీయించి వెనక లోపల పడేస్తే సగం చోటు అదే తింటుంది. మళ్ళీ తలుపుకంటే, తలుపు బాగుచేయించాలి. బానెట్‌కి పడ్డ బెజ్జాలు ఎలాగూ ఉంటాయి, వాన నీళ్ళు ఇంజిన్ మీదకి కారకుండా వాటినీ మూయించాలి. ఉంచేస్తే ముందు రబ్బరు వేయించాలి. పొద్దున్న వంకర సరిచేయించాలనుకున్నాను, ఇప్పుడా ఊసే లేదు.

ఇంకొకటి. ఫోన్ పెట్టేసే ముందు నాన్న అడిగాడు, ఆయిల్ ఎలా చూస్తావని. ఇదివరకు బానెట్ ఒంటిచేత్తో లేపి వెనక్కి అద్దం మీదకి వాల్చేదాన్ని. ఇప్పుడు దాని మీద బియ్యం బస్తా కంటే బరువైన చక్రం ఉంది, వాల్చే వీల్లేదు, ఊతకర్ర దొరికేదాకా పట్టుకుని నిలబడాలి. రేపు ఆయిల్ చూడకుండా బయల్దేరలేను, ముసల్ది తాగుబోతు. అంటే ఈయన్ని ఐదున్నరకి లేపాలి. ఇంకా చెప్పలేదు. పక్కనే గురక పెడుతున్నారు.