మానిటరీ యూనియన్స్ టాపిక్ నేనెలా చదివానంటే (సివిల్స్‌లో ఎకనామిక్స్ ఆప్షనల్ వాళ్లకి)

సివిల్స్ లిస్టులో పేరు చూసుకున్నప్పటి నుంచి ఫోన్ ఆగట్లేదు, అందరూ అడిగేది బుక్‌లిస్టే. అది మీ దగ్గర ఉన్నదే, నాది వేరేమీ కాదు. అందుకే పేపర్-1లో చాలామంది చివరి వారానికి వదిలేసే మానిటరీ యూనియన్స్ (యూరోలా, కొన్ని దేశాలు కలిసి ఒకే కరెన్సీ వాడటం) గురించే రాస్తున్నాను, నా ఆన్సర్లు మారింది అక్కడే.

అందరూ రాసేది ఏంటి? యూరోకి దారి వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం, ప్రభుత్వ లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదు, అప్పు 60 శాతం దాటకూడదు, గ్రీస్ కాకి లెక్కలు, అయిపోయింది. నేను ఒక్క ప్రశ్న పట్టుకున్నాను: రూల్ తప్పితే నిజంగా డబ్బు కట్టిందెవరు?

2003లో జర్మనీ, ఫ్రాన్స్ 3 శాతం దాటేశాయి. జరిమానా దాకా వెళ్లే ప్రక్రియని యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఆర్థిక మంత్రుల కౌన్సిలే పక్కన పెట్టేసింది. మరుసటి ఏడాది ఈయూ కోర్టు అది చెల్లదంది కానీ ఎవరూ పైసా కట్టలేదు. తర్వాత గ్రీస్. 2009 వసంతంలో లోటు 3.7 శాతం అన్న దేశం ఆ శరదృతువులో 12.5 అంది, 2010 నవంబర్‌లో ఈయూ గణాంకాల సంస్థ యూరోస్టాట్ 15.4 అని తేల్చింది. అప్పటికి తప్పుడు గణాంకాలకి జరిమానా వేసే నిబంధనే లేదు! 2011లో సిక్స్-ప్యాక్ అనే ఆరు ఈయూ చట్టాలతో వచ్చింది, గరిష్ఠం జీడీపీలో 0.2 శాతం.

అసలు మజా ఇక్కడుంది. వాలెన్సియా ప్రాంతం ఆరోగ్య ఖర్చుని ఏళ్ల తరబడి సరిగ్గా చూపించలేదని 2015లో స్పెయిన్‌కి దాదాపు 1.89 కోట్ల యూరోల జరిమానా పడింది, 2017లో కోర్టు కూడా సమర్థించింది. తన సాల్జ్‌బర్గ్ రాష్ట్రం తప్పుడు అప్పు లెక్కలకి 2018లో ఆస్ట్రియాకి దాదాపు 2.68 కోట్లు పడింది. అదే స్పెయిన్, పోర్చుగల్ లోటు తగ్గించలేదని 2016లో తేల్చాక వేసిన జరిమానా ఎంతో తెలుసా, సున్నా. లోటుకి మాంద్యం అనో ఎన్నికలు అనో సాకు దొరుకుతుంది, దాచిన బిల్లుకి దొరకదు. పైగా స్పెయిన్‌కి 0.2 శాతమంటే 200 కోట్ల యూరోల పైమాటే, పడింది అందులో ఒక శాతం కూడా కాదు, కాబట్టి వేయడానికి ఎవరికీ చేతులు వణకలేదు. ఈ తేడా రాసిన రోజు నుంచే టెస్టుల్లో మార్కులు కదిలాయి.

ఒక సార్ ఇంత లోతు అక్కర్లేదని కొట్టిపారేశారు. కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు మానేసి యూరప్ గొడవలు చదువుతున్నానని నవ్విన ఫ్రెండ్స్ కూడా ఉన్నారు. నవ్వనీండి. వారానికో టైంటేబుల్ మార్చుకుంటూ, టాపర్ల వీడియోలు చూస్తూ కూర్చునే కంటే ఒక టాపిక్ అంతు చూడటమే నయం, పొద్దున్నే లేచి అదే పని చేశాను, ఇప్పుడూ అదే అంటాను. మైక్రో, గ్రోత్ మోడల్స్ అందరిలాగే చదివాను, చెప్పడానికేం లేదు.

జీఎస్-3 (జనరల్ స్టడీస్ మూడో పేపర్)కీ ఇది పనికొచ్చింది. మన రాష్ట్రాలన్నిటికీ రూపాయి ఒకటే, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం అప్పు చేయాలంటే రాజ్యాంగంలోని 293(3) కింద కేంద్రం అనుమతి కావాలి. 2022లో కార్పొరేషన్ల పేరుతో తెచ్చిన అప్పుల్నీ రాష్ట్రం ఖాతాలోనే వేస్తామని కేంద్రం అంటే తెలంగాణ ఎంత గొడవ చేసిందో గుర్తుందిగా. యూరప్‌లో తప్పు బయటపడ్డాక జరిమానా, ఇక్కడ అప్పు పరిమితిలోనే కోత. ఏది గట్టిగా పనిచేస్తుందో మీరే ఓ పేజీ రాసి చూడండి, నేనైతే కోత వైపే రాశాను.