రోటర్‌డామ్‌కు మన మిర్చి

రోటర్‌డామ్ రేవు ఉన్న నెదర్లాండ్స్‌లోని డచ్ వాళ్లతో వ్యాపారం మొదలుపెట్టాలనుకునే మన మిర్చి ఎగుమతిదారులకు ఒక మాట. వాళ్లకు మొహమాటం లేదు. "ధర బాగుంది, కాయలు ఆరబెట్టే పద్ధతి బాగాలేదు" అని మొదటి సమావేశంలోనే మా ముఖం మీద చెప్పారు. నాన్నగారికి కోపం వచ్చింది. నాకు మాత్రం అది గౌరవంగానే తోచింది. అన్నీ బాగున్నాయని చెప్పి, ఆ తరువాత ఫోను ఎత్తకుండా తప్పించుకునే వాళ్లకంటే వీళ్లు ఎంతో నయం.

ఐరోపా నిబంధనల ప్రకారం ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 అనే బూజు విషం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. తేమ మిగిలితే బూజు, బూజు పడితే ఈ విషం. అందుకే కళ్లంలో మట్టినేల మీద కాకుండా టార్పాలిన్ పట్టాల మీద ఆరబెట్టించాం. రాత్రి మంచు పడకుండా కప్పించాం. మీటరుతో తేమ చూశాకే బస్తాలకెత్తాం. ఆ శ్రమకు రైతులకు ధర పెంచి ఇచ్చాం, ఇవ్వాలి కూడా.

నిర్ణయం మాత్రం త్వరగా రాదు. గిడ్డంగి చూసుకునే అమ్మాయి నుంచి నాణ్యత విభాగం దాకా అందరి మాటా వింటారు. యజమాని ఒక్కడు తల ఊపితే సరిపోదు. ఆ ఆలస్యాన్ని బేరమనుకుని మనవాళ్లు ధర తగ్గించేస్తుంటారు. దయచేసి తగ్గించకండి. మాకు ఒకసారి సరే అన్నాక వాళ్లు మాట మార్చలేదు. డబ్బు కూడా చెప్పిన తేదీకే వచ్చింది.

ఇప్పుడు పసుపు నమూనాలు అడిగారు. దుగ్గిరాల నుంచి పంపిస్తున్నాం.